బూడిదదిబ్బల వివాదము

బళ్లారినుండి హోసపేటకు పోవు బాటలో కుడితిని గ్రామమునకు చేరువనున్న కొండకనుమయందు ఒక పెద్ద దిబ్బ కలదు. దూరమునుండి చూచువారికి అది మట్టిదిబ్బవలెనే తోచును. దరిజేరి త్రవ్వి చూచినచో మన్ను స్వల్పము, బూడిద విస్తారము. ఆ బూడిదయు నొకే తీరున నుండదు. ఒకచోట పిండివలె మెత్తనై తెల్లగా నుండును. ఒకచోట పొరలుపొరలుగా గట్టిపడి యుండును. మరియొకచోట కొలిమిలో కరగి చల్లారిన కిట్టమువలె, బుడగలతో, గాజునిగనిగతో గడ్డకట్టి యుండును. ఆ కనుమకు బూదికనమ యని పేరు. బూడిదకనుమ యని దాని యర్థము.

ఇట్టిది యిది యొక్కటియే కాదు. కృష్ణాతుంగభద్రల నడిమిసీమలోను, దాని యిరుప్రక్కలను, బళ్లారి, రాయచూరు, గుల్బర్గా, అనంతపురము, కర్నూలు, మహబూబునగరము అని ప్రసిద్ధములైన జిల్లాలలో నూటికి పైగా నిట్టి దిబ్బలు గుర్తింపబడినవి. కొన్ని మనుష్యప్రమాణమునకు మించనివి. కొన్ని మేడలంత యెత్తైనవి. వీనిని చేసినవారెవరు? ఎప్పుడు చేసిరి? ఏల చేసిరి? ఈ మూడు ప్రశ్నలను గూర్చి నూరేండ్లకు పైగా వాదోపవాదములు సాగినవి. రెండింటికి సమాధానము దొరకినది. మూడవది నేటికిని పూర్తిగా తేలలేదు.

జనశ్రుతి

పండితులు ఈ దిబ్బలను చూడకమునుపే పల్లెవాండ్రు వీనికి కారణము చెప్పియుండిరి. హంపి పరిసరములు కిష్కింధ యని ప్రసిద్ధి. అందు నింబాపురము కడనున్న బూడిదరాశి, శ్రీరామునిచే హతుడైన వాలికి దహనసంస్కారము జరిగిన తావని చెప్పుదురు. బూదికనమదిబ్బ భీమునిచే చచ్చిన హిడింబాసురుని చితాభస్మమని వేరొక కథ కలదు. అంతటి రాశి సామాన్యమానవుని చితివలన నేర్పడదు గనుక, రాక్షసుని దేహమో, వానరరాజు దేహమో కాలినదని జనులు తలంచుట సహజమే.

ఈ కథలను పరిహసించుట సులభము. కాని వీనియందు గమనింపదగిన సంగతి యొకటి కలదు. అది రాయి కాదు, మన్ను కాదు, అగ్నివలన నేర్పడిన బూడిద యని పల్లెవాండ్రు మొదటినుండియు నెరుగుదురు. ఊరిపేరులోనే ఆ జ్ఞానము నిలిచియున్నది. తరువాత వచ్చిన విద్వాంసులలో కొందరికి ఈపాటి నిశ్చయమైనను లేకపోయెను. కథ వేరు, కథకు మూలమైన పరిశీలన వేరు. కథను విడిచినను పరిశీలనను విడువరాదు.

తొలి యూహలు

మదరాసు సైన్యమున నుద్యోగియై, భూగర్భశాస్త్రమున నాసక్తి గల న్యూబోల్డు ఈ దిబ్బలను గూర్చి 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు వ్యాసము ప్రకటించెను. అప్పటినుండియు ఈ విషయము విద్వత్సభల కెక్కినది. కిట్టపుగడ్డలను చూచి యివి యగ్నిపర్వతమునుండి వెడలినవేమో యను సందేహము తొలుత కలిగినది. దిబ్బల క్రింద అగ్నిపర్వతముఖము లేదు. చుట్టునున్న కొండలు మిక్కిలి ప్రాచీనములైన నల్లసేనపురాళ్లు. కావున ఆ పక్షము నిలువలేదు.

ఇనుము కరగించిన కొలుములు, గాజుబట్టీలు, సున్నపుబట్టీలు, ఇటుకలావములు అను పక్షములు తరువాత వచ్చినవి. ఇనుపకొలిమి కడ నినుపరాతి తునుకలును, తిత్తిగొట్టముల ముక్కలును పడియుండవలెను. కిట్టము బరువుగా నుండవలెను. ఇచ్చటి కిట్టము తేలిక. ఇటుకలావమున కాలిన యిటుకముక్కలైనను మిగులవలెను. అవి లేవు. ఇట్లు ప్రతిపక్షమును వస్తుపరీక్షయందు వీగిపోయెను గాని, వాని స్థానమున నిలువదగిన సిద్ధాంతము మాత్రము కుదురలేదు.

సూయెలు పక్షము

1899లో రాబర్టు సూయెలు అదే పత్రికయందు బళ్లారి బూడిదదిబ్బలను గూర్చి వ్రాసెను. ఈయన విజయనగరచరిత్రను లోకమునకు తెలిపినవాడు. మరుసటి యేటనే ఆ సామ్రాజ్యమును గూర్చిన ప్రసిద్ధగ్రంథమును వెలువరించెను. విజయనగరప్రభువులు మరణించినపుడు వారి భార్యలు గుంపులుగా సహగమన మొనర్చిరని పోర్చుగీసు లేఖకులు వ్రాసియుండిరి. ఆ మహాచితుల భస్మమే యీ దిబ్బలు కావచ్చునని సూయెలు ఊహించెను.

పక్షము కరుణరసపూర్ణమైనది, లిఖితాధారమును గొంత కలది. ఆ దేశమున ఆ కాలపు చరిత్రయందు అంతటి కృషి చేసినవాని నోట వచ్చినది. కాని యొక దేశమున సహగమనము జరిగినదని లిఖితము సాక్ష్యమిచ్చిన మాత్రమున, ఆ దేశముననున్న బూడిద యంతయు సహగమనపు బూడిద కానేరదు. నడుమనొక మెట్టు లోపించినది. ఆ బూడిదలో మనుష్యుల యెముకలున్నవా? వానితోడ విజయనగరకాలపు కుండపెంకులు, నాణెములు, నగలు దొరకినవా? దొరకినవి పసువుల యెముకలు. చేతితో చేసిన కుండల పెంకులు. నూరి నునుపు చేసిన రాతిగొడ్డండ్లు. లోహము నెరుగని జనుల పరికరములు పదునైదవ శతాబ్దపు రాజపత్నుల చితులలో నుండుట కెట్టి సమాధానమును చెప్పుటకు వీలులేదు.

ఫూటు పక్షము

ఆ రాతిపనిముట్ల యర్థమును గ్రహించినవాడు భూగర్భపరిశోధనశాఖయందలి రాబర్టు బ్రూసు ఫూటు. 1863లో మదరాసుచెంతనున్న పల్లవరమున ప్రాతరాతియుగపు పనిముట్టును కనుగొని, భారతదేశపు ప్రాక్చరిత్రకు ఆద్యుడైనవాడీయనయే. 1872లో ఆయన బూదికనమను పరీక్షించెను. పిదప కప్పగల్లు మున్నగు తావులను చూచెను. కప్పగల్లు కొండపై నవీనశిలాయుగమువారు రాతిగొడ్డండ్లు చేసికొన్న కర్మశాల కలదు. ఆ కొండబండలపై మూపురపుటెడ్ల రూపములు మలచబడియున్నవి. కొండచెంతనే బూడిదదిబ్బయు నున్నది. ఇవి మూడును ఒకే జనుల చిహ్నములని తోచుటలో వింత లేదు.

ఆలమందలను దొడ్లలో కట్టివేయగా తరతరములుగా పేరుకొన్న పేడ నిప్పంటుకొని కాలుటచే నీ దిబ్బలేర్పడినవని ఫూటు నిర్ణయించెను. మాట మిక్కిలి సాధారణమైనది. రాక్షసులు లేరు, అగ్నిపర్వతము లేదు, రాజపత్నులు లేరు, ఉన్నది పేడ. అందుచేతనే కాబోలు చాలమందికి రుచింపలేదు. పిడకలు కాల్చిన బూడిదను ప్రతిదినమును పొయ్యిలో చూచుచున్నాము, అది యెన్నడైనను గాజువలె కరగినదా యను నాక్షేపము బలవత్తరమైనది. ఈ యాక్షేపమునకు సమాధానము చెప్పువరకు ఫూటుపక్షము సంభావ్యమే గాని సిద్ధము కాదు. 1912లో ఫూటు గతించునాటికి వివాదము తీరలేదు.

పరీక్షలు

ఇరువదవ శతాబ్దపు మధ్యభాగమున మూడు దారుల నుండి వెలుగు వచ్చినది. మొదటిది కాలక్రమము. 1947లో బ్రహ్మగిరి త్రవ్వకములయందు వీలరు, రాతిగొడ్డండ్లవారు రాకాసిగుళ్లవారికి పూర్వులని పొరల వరుసవలన చూపెను. బెండపూడి సుబ్బారావు బళ్లారిచెంత సంగనకల్లున త్రవ్వించి, ఆ సీమయందలి శిలాయుగసంస్కృతులను గూర్చి 1948లో గ్రంథమును ప్రకటించెను. దీనిచే రాతిగొడ్డండ్లవారు కల్పితులు కారనియు, ఆ కొండలయందు చిరకాలము కాపురముండిన వ్యవసాయపశుపాలకులనియు స్థిరపడినది.

రెండవది ద్రవ్యపరీక్ష. లండను నగరమందలి పురాతత్త్వసంస్థలోని జాయినరు కుడితిని, కప్పగల్లు బూడిదలను సూక్ష్మదర్శినితో పరీక్షించి 1960లో తన నిర్ణయమును ప్రకటించెను. గడ్డిని మేసిన పశువు పేడలో ఆ గడ్డియందలి యిసుకద్రవ్యము జీర్ణముకాక మిగులును. కాల్చినను దాని రూపము చెడదు. ఆ గడ్డిచిహ్నములు దిబ్బల బూడిదలో కానవచ్చినవి. ఇక కిట్టము మాట. పేడబూడిదలోని క్షారము ఇసుకద్రవ్యమును కరగించుటకు తోడ్పడును. గాజు చేయువాడు ఇసుకతో క్షారమును కలుపుట యిందులకే. పొయ్యిలోని గుప్పెడు పిడకల వేడిమి గాలిలో పోవును. మేడంత రాశి లోలోపల దినములకొలది రగులునపుడు ఆ వేడిమి వెలికి పోవు దారిలేక హెచ్చును. ఫూటుపై వచ్చిన యాక్షేప మీ విధముగా తీరినది.

మూడవది క్రమమైన త్రవ్వకము. 1957లో ఆల్చిను నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరున దిబ్బను పొరపొరగా త్రవ్వించెను. నేలయందు వరుసగా గుంజలు పాతిన గుంటలు బయలుపడినవి. అవి దడికట్టిన యానవాళ్లు. దడి కాలిపోవుటయు, దానిపై మరల దడి కట్టుటయు, అదియు కాలుటయు పెక్కుమారులు జరిగినది. అన్నిటికంటె ముఖ్యమైన సాక్ష్యము పసువుల గిట్టల జాడలు. బూడిదయందు ఎడ్లును ఆవులును త్రొక్కిన గుర్తులు చెదరక నిలిచియుండెను. అచ్చటి బొగ్గును కర్బనకాలగణనమున కంపగా క్రీ. పూ. 2000కు మునుపటిదని తేలినది. వీలరు రాతిగొడ్డండ్లవారికి క్రీస్తుకు పూర్వము వేయియేండ్ల ప్రాంతమున నారంభము చెప్పియుండెను. ఒక్క దిబ్బలోని బొగ్గు ఆ కాలమును మరి వేయియేండ్లకు పైగా వెనుకకు జరిపినది.

మిగిలిన ప్రశ్న

పేడయే కాలినదని తేలినది. కాల్చినదేల? ఒకమారు కాలినచో ప్రమాదమనవచ్చును, శత్రువులు కాల్చిరనవచ్చును. పలుమారులు, పలుతావుల, ఒకే తీరున కాలుటకు ఆ కారణములు చాలవు. 1963లో వెలువడిన తన గ్రంథమున ఆల్చిను, ఇది బుద్ధిపూర్వకముగా, ఋతుసంధులయందు జరిపిన యాచారమని వాదించెను. హోళీ, దీపావళి, సంక్రాంతి పండుగలలో మంటలు వేయుట, కొన్ని సీమలలో పసువులను మంటలమీదుగా దాటించుట ఆయన కుపమానములు. భోగినాడు మంటయు, కనుమనాడు పశుపూజయు జరుపుకొను తెలుగువారికి ఈ యుపమానము చెవికింపుగనే యుండును. కాని నాలుగువేల యేండ్ల యంతరము నడుమనున్నది. పోలిక దారి చూపును గాని రుజువు కానేరదు. వాలికథకు పట్టిన నియమమే దీనికిని పట్టవలెను.

పిమ్మటి పరిశోధనము అనంతపురము జిల్లాలోని పాలవాయియందును, ఇతరస్థలములందును సాగినది. వి. రామిరెడ్డి పాలవాయినిగూర్చి వ్రాసిన గ్రంథము 1976లో వెలువడినది. కె. పద్దయ్య షోరాపూరుసీమలోని బుదిహాళున 1989 మొదలు కొన్ని యేండ్లు త్రవ్వించి, దిబ్బనానుకొని ఇండ్లును, శిశువుల సమాధులును, రాతిపనిముట్లు చేసిన తావును, పసువులను కోసిన తావును కనుగొనెను. అందువలన దిబ్బ యనునది అడవినడుమ నొంటిగానున్న దొడ్డి మాత్రము కాదనియు, ఊరితో కూడిన పెంటపోగనియు ఆయన నిర్ణయించెను. ఊరిని శుభ్రపరచుటకు కాల్చిరని కొందరు, మందయే ధనమైన జనులు దిబ్బ నుద్దేశపూర్వకముగా పెంచి తమ ఘనతకు గురుతుగా నిలిపిరని కొందరు తలంతురు. ఈ పక్షములు పరస్పరవిరుద్ధములు కావు. పెంటను కాల్చు దినమే పండుగదినము కావచ్చును.

ఈ వివాదమునుండి తెలియదగిన దేమి? సైనికభూగర్భజ్ఞుడు కొలుములకై వెదకెను. విజయనగరచరిత్రకారుడు విజయనగరమును చూచెను. పురాణము వినువారు పురాణపురుషుని చూచిరి. ఎవరికి తెలిసినది వారికి కనబడెను. ఫూటుదియు నొక యూహయే. అయినను, అది తప్పని రుజువు చేయుటకు వీలైన యూహ. పేడయైనచో గడ్డిచిహ్నము లుండవలెను. దొడ్డియైనచో గుంజలగుంటలును గిట్టలజాడలును ఉండవలెను. లేకపోయినచో నాపక్షము వీగిపోయెడిది. వెదకగా నవి యుండెను. ఆ నిర్ణయమునకు సుమారు నూరేండ్లు పట్టినను, దిబ్బలు నిలిచియుండుటచేతనే అది సాధ్యమైనది.

ఆ నిలుచుటయే నేడు సందేహాస్పదము. పేడబూడిద పొలమునకు మంచి యెరువని రైతులు తరతరములుగా ఈ దిబ్బలనుండి బండ్లకొలది తోలుకొని పోయిరి. బాటలు వేయువారు కొన్నిటిని త్రవ్విరి; కప్పగల్లు కొండను రాతిగనులు కొరికినవి. రైతును నిందించుట తగదు. అది బూడిద యనియే ఆతడెరుగును, బూడిదగానే వాడుకొనును. నిందింపదగిన వేమైన నున్నచో, అది ఎరిగినవారు ఎరుగనివారికి చెప్పకుండుట. ఈ దిబ్బలున్న యూళ్లలో బడులున్నవి. నాలుగువేల యేండ్లనాటి యావు కాలిగుర్తు తమ యూరిదిబ్బలో నుండవచ్చునని ఆ బడిపిల్లలకు తెలిసినచో, దానిపై గునపము వేయువాని చేయి పట్టుకొనువా రొకరైనను ఆ యూరనే పుట్టగలరు. ఏల కాల్చిరి యను మూడవ ప్రశ్నకు సమాధానము ఆ మిగిలిన పొరలలోనే యున్నది.