సికిందరాబాదు దోమ, మారిషస్ లెక్క

పోయిన వారం కార్యక్రమం అయ్యాక ఒకావిడ ఫోన్ చేసి, "మా వాడు పబ్లిక్ హెల్త్ చదువుతానంటున్నాడండీ, అది డాక్టరీయేనా, కాదా? చదివాక ఏం పని చేస్తారు?" అని అడిగారు. గొంతులో కాస్త బెంగ కూడా వినిపించింది. అప్పటికప్పుడు ఏదో చెప్పి పెట్టేశాను గానీ, నాకే తృప్తిగా లేదు. ఈ వారం తీరిగ్గా ఒక కథ చెబుతాను. కథ అన్నాను గానీ ఇందులో కల్పనేమీ లేదు. మన సికిందరాబాదులో మొదలై, మన వాళ్లే కూలీలుగా వెళ్లిన మారిషస్ దీవిలో తేలిన చరిత్ర.

ముందు నా పరువు తీసిన సంగతొకటి. కొన్నేళ్ల కిందట హైదరాబాదు నుంచి తిరిగి వస్తూ మారిషస్‌లో మిత్రుడి ఇంట్లో వారం రోజులు దిగాను. విమానాశ్రయంలో ఆరోగ్యశాఖ వాళ్లు ఒక కాగితం ఇచ్చి, ఏ దేశం నుంచి వస్తున్నారు, ఇక్కడ ఎక్కడ ఉంటారు అని రాయమన్నారు. మిత్రుడి చిరునామా జేబులో ఉంది, కానీ తీసి చూడటానికి బద్ధకం. నోటికొచ్చిన హోటల్ పేరొకటి రాసి పడేశాను. నాలుగో రోజు ఉదయం గుమ్మం ముందు చేతిసంచీతో ఒకాయన ప్రత్యక్షం. నేను రాసిన హోటల్‌కి వెళ్లి, అక్కడ లేనని తెలుసుకుని, కాగితం మీద ఉన్న ఫోన్ నంబరు పట్టుకుని మా వాడి ఇంటిదాకా వచ్చాడు. ఒక్క మాట కూడా తూలకుండా, వేలు చాపమని సూదితో చిన్న పోటు పొడిచి, గాజు పలక మీద నెత్తుటి చుక్క తీసుకున్నాడు. "నాకు ఒంట్లో బాగానే ఉందండీ" అన్నాను. "మీ సంగతి సరే, మా దోమలు మిమ్మల్ని కుడితే వాటి సంగతేమిటి?" అన్నాడు నవ్వుతూ.

ఆ ప్రశ్న వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉందని అప్పటికి నాకు తెలియదు.

మారిషస్‌కి మన దేశం నుంచి ఒప్పంద కూలీలు వెళ్లడం 1834లో మొదలైంది. 1910 దాకా వెళ్లినవాళ్లు దాదాపు నాలుగున్నర లక్షల మంది. వాళ్లలో తెలుగువాళ్లు గోదావరి నోట ఉన్న కోరంగి రేవు నుంచీ, ఉత్తర కోస్తా జిల్లాల నుంచీ ఓడలెక్కారు. ఆ కోరంగి పేరే అక్కడ మన వాళ్లకు ఇంటిపేరులా అంటుకుంది. ఈనాటికీ ఆ దీవిలో ఉగాదికి సెలవు ఉంది, సింహాద్రి అప్పన్న పూజ ఉంది, అమ్మోరు పండగ ఉంది. అమ్మోరు ఎందుకు వెళ్లిందో వేరే చెప్పాలా? మశూచీ, కలరా అంటే ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయే రోజులు. ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లేవాడు కాపాడే తల్లిని మాత్రం వదిలి వెళ్లడు.

అయితే అమ్మోరికి కూడా కొత్తయిన జబ్బు ఒకటి ఆ దీవిలో వాళ్లమీద పడింది. విచిత్రమేమంటే, 1860ల దాకా మారిషస్‌లో మలేరియా లేదు. గాలి మంచిదని పేరున్న చోటు అది. అడవులు కొట్టి చెరకు వేశారు, నీళ్లు నిలిచాయి, ఆఫ్రికా వైపు నుంచి అనాఫిలిస్ దోమ ఓడల్లో చేరింది. ఒంట్లో పరాన్నజీవితో దిగినవాళ్లు ఎలాగూ ఉన్నారు. ఇక అడ్డేముంది? 1866లో రాజుకుని 1867లో భగ్గుమంది. మూడు లక్షల పైచిలుకు జనాభాలో ఆ ఒక్క ఏడాది పోయినవాళ్లు దాదాపు నలభై వేలు. క్వినైన్ చాలలేదు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో స్తోమత ఉన్నవాళ్లు ఇళ్లు వదిలి ఎత్తు మీద చల్లగా ఉండే క్యూర్‌పీప్ వైపు వెళ్లిపోయారు. తోట కూలీ ఎక్కడికి వెళతాడు? సెలవు లేకుండా ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి అక్కడ ఉండేది. చలిజ్వరంతో వణికేవాడు తన జ్వరం నిజమేనని ముందు యజమానికి నచ్చజెప్పుకోవాలి.

ఇక్కడ నన్ను కలచివేసే సంగతొకటి ఉంది. ఆ కూలీల గురించి ప్రభుత్వం దగ్గర లేని వివరం లేదు. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఏ ఓడలో వచ్చాడు, ఏ ఊరు, ఎత్తెంత, ఒంటి మీద మచ్చ ఎక్కడ, అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఆ రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి, ముత్తాతల ఊరు వెతుక్కునేవాళ్లు ఇప్పటికీ వెళ్లి చూసుకుంటారు. పని చేయించుకోవడానికి ఇంత లెక్క కట్టినవాళ్లకు, ఏ తోటలో ఎంతమందికి జ్వరం, ఏ ఊళ్లో ఎక్కువ, ఎందుకు ఎక్కువ అన్న లెక్క మరో నలభై ఏళ్లదాకా సరిగ్గా దొరకలేదు.

ఆ లెక్క కట్టిన మనిషి కోసం ఇప్పుడు సికిందరాబాదు రావాలి.

రోనాల్డ్ రాస్ అల్మోరాలో పుట్టిన ఇంగ్లీషాయన, సైన్యంలో డాక్టరు. మలేరియా సూక్ష్మజీవిని లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు 1880లోనే అల్జీరియాలో చూశాడు. అది మనిషి నుంచి మనిషికి ఎలా చేరుతుందన్నదే తేలలేదు. రాస్ బేగంపేట ఆసుపత్రిలో దోమల్ని ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చున్నాడు, వేసవి ఉక్కలో పంకా కూడా లేకుండా. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయట మరి. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి, దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని దోమలతో కుట్టించుకున్నాడు. ఆ దోమల్లో ఒకదాని కడుపు గోడలో ఆగస్టు 20న రాస్‌కి వెతుకుతున్న కణాలు కనిపించాయి. ఆ ఆగస్టు 20నే ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినం అంటున్నారు. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. హుసేన్ ఖాన్‌కి వచ్చినవి అణాలు. ఆయన పేరు చరిత్రలో మిగలడమే గొప్ప అనుకోవాలేమో.

సాధారణంగా మన పాఠ్యపుస్తకాల్లో రాస్ కథ ఇక్కడితో ఆగిపోతుంది. నాకు మాత్రం అసలు కథ ఇక్కడే మొదలవుతుందనిపిస్తుంది. దోమ అని తెలిశాక ఏం చెయ్యాలి? రాస్ ఊరుకోలేదు. కాలువలు పూడ్చండి, నీటి గుంటలు ఎండబెట్టండి, ఇందుకోసం మనుషుల్ని జీతమిచ్చి పెట్టండి అని ప్రభుత్వాల వెంటపడ్డాడు. దోమలపై దళాలు ఎలా ఏర్పాటు చేసుకోవాలో పుస్తకమే రాశాడు. ఎవరూ పెద్దగా వినలేదు. దోమలన్నిటినీ చంపడం ఎవరి తరం అన్నారు. ఆ మనిషికి కోపం ఎక్కువ, పోట్లాటలూ ఎక్కువే. ఉత్తరాలు రాసి రాసి వేధించేవాడు. అలాంటివాడు తగిలితేగానీ సర్కారు కదలదు లెండి.

1907 చివర్లో ఆయన్ను మారిషస్‌కి పిలిచారు. (అదే ఏడాది గాంధీగారి ప్రోత్సాహంతో మణిలాల్ డాక్టర్ కూడా ఆ దీవిలో దిగాడు. పేరు డాక్టర్, వృత్తి ప్లీడరు. కూలీల తరఫున కోర్టుల్లో వాదించాడు. ఒకాయన వాళ్ల జబ్బు చూడటానికీ, ఇంకొకాయన వాళ్ల హక్కు చూడటానికీ వచ్చారన్నమాట.) రాస్ ఉన్నది మూడు నెలలే. దీవిలో ఎవరికి మలేరియా ఉందో మూడు నెలల్లో ఎలా తెలుస్తుంది? అందరి నెత్తురూ తీసి చూడటం అయ్యే పని కాదు. ఆయన ఎంచుకున్నది చాలా సులువైన దారి. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ఎడమ పక్కటెముకల కింద చేత్తో తడిమి చూడటం.

మలేరియా పదే పదే వచ్చిన పిల్లలకు ప్లీహం ఉబ్బి గట్టిగా చేతికి తగులుతుంది. మన పాతకాలం వాళ్లు జ్వరగడ్డ అనేవారు. పెద్దవాళ్లలో ఒళ్లు అలవాటు పడి అది తగ్గిపోతుంది, అందుకే పిల్లలే ముఖ్యం. ఈ ఉపాయం రాస్‌ది కూడా కాదు. 1840ల్లోనే ఢిల్లీ వైపు కాలువ కింది ఊళ్లలో డెంప్‌స్టర్ అనే డాక్టరు ఇలాగే తడిమి, కాలువ నీరు నిలిచే చోట జబ్బు ఎక్కువని చూపించాడు. రాస్ ఆ పద్ధతిని దీవి మొత్తానికి విస్తరించాడు. బడుల్లో, చెరకు తోటల్లో ముప్పై వేలకు పైగా పిల్లల పొట్టలు తడిమారు. సుమారు ముగ్గురిలో ఒకరికి ప్లీహం ఉబ్బి ఉంది. తీరం వెంబడి ఎక్కువ, క్యూర్‌పీప్ వైపు పైకి వెళ్లేకొద్దీ తక్కువ. పరికరం లేదు, ప్రయోగశాల లేదు, చెయ్యీ ఒక పుస్తకమూ చాలు. ఆ వరసల్లో తాతల నాడు కోరంగి ఓడ దిగినవాళ్ల మనవలు ఎందరు నిలబడ్డారో ఊహించుకోండి.

తర్వాత కూర్చుని లెక్క వేశాడు. ఊళ్లో వందమందికి ఎంతమంది రోగులుంటే, మనిషికి ఎన్ని దోమలుంటే జబ్బు పెరుగుతుంది, ఎన్ని ఉంటే తరుగుతుంది? తేలిందేమంటే, దోమలన్నీ చావనక్కర్లేదు. ఒక మేరకు తగ్గిస్తే చాలు, జబ్బు తనంత తానే సన్నగిల్లుతుంది. 1908లో అచ్చయిన ఆ నివేదికలో ఉన్న గణితాన్నే తర్వాత రాస్, మరికొందరు పెంచారు. 2020లో కోవిడ్ రోజుల్లో టీవీల్లో ప్రతి సాయంత్రం చెప్పిన 'ఆర్' సంఖ్య ఒకటి కంటే తక్కువ ఉందా ఎక్కువ ఉందా అన్న మాట ఈ ఆలోచనకు మునిమనవడే.

రాస్ నివేదికతో మలేరియా పారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. కొంత కాలువ పని జరిగింది, దోమల మనుషుల్ని పెట్టారు, క్వినైన్ పంచారు. డబ్బు దగ్గరకు వచ్చేసరికి మామూలే. 1945లో తుపానులు వచ్చినప్పుడు మళ్లీ జ్వరాలు ముంచెత్తాయి. అసలు దెబ్బ పడింది 1949 నుంచి, ఇంటింటి గోడలకూ డీడీటీ కొట్టినప్పుడు. ఇంట్లో దాక్కునే ఫ్యునెస్టస్ రకం దోమ దీవిలోనే లేకుండా పోయింది. బయట తిరిగే రెండో రకం మాత్రం మిగిలింది. కొద్ది ఏళ్లలో మరణాల రేటు దాదాపు సగానికి దిగింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా లేని దేశమని ముద్ర వేసింది.

రెండేళ్లు తిరక్కుండానే, 1975 ఫిబ్రవరిలో జర్వేజ్ తుపాను వచ్చింది. ఎక్కడ పడితే అక్కడ నీళ్లు నిలిచాయి. మిగిలిన దోమకు, బయటి నుంచి వచ్చిన మనుషుల ఒంట్లో ఉన్న పరాన్నజీవి దొరికింది. జబ్బు తిరిగొచ్చింది. 1982లో ఒక్క ఏడాదిలో ఆరు వందలకు పైగా కేసులు. మళ్లీ దాన్ని వెళ్లగొట్టడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. స్థానికంగా సోకిన కేసు 1997 తర్వాత లేదు. దోమ మాత్రం అక్కడే ఉంది. ఇంకొకరి నెత్తురు కోసం ఎదురుచూస్తూ ఉంది.

అందుకే ఆ విమానాశ్రయం కాగితం. మలేరియా ఉన్న దేశాల నుంచి ఎవరు దిగినా, తిరుపతి వెళ్లొచ్చిన మారిషస్ తెలుగువారైనా సరే, ఇంటికి వచ్చి కనుక్కుంటారు, నెత్తురు చుక్క తీసుకుంటారు. రాస్ కాలంలో పొట్టలు తడిమి రాసుకున్న పుస్తకమే ఇప్పుడు ఆ చేతిసంచీలోకి వచ్చింది. నేను హోటల్ పేరు రాసినప్పుడు చేసిందేమిటంటే, ఆ పుస్తకంలో ఒక తప్పుడు గీత గీశాను. నా ఒంట్లో పరాన్నజీవి ఉండి ఉంటే? మిత్రుడి ఇంటి వెనకే చెరకు తోట, దాని పక్కనే నీటి కాలువ.

ఇది మలేరియాతో ఆగే వ్యవహారమూ కాదు. 2005, 2006లో చికున్‌గున్యా హిందూ మహాసముద్ర దీవులన్నిటినీ చుట్టి మారిషస్‌కీ వచ్చింది. అదే సమయంలో మన రాయలసీమలో జనం కీళ్లు పట్టుకుని మంచాన పడ్డారు, గుర్తుందా? 2006లో దేశం మొత్తం మీద పదమూడు లక్షలకు పైగా అనుమానిత కేసులు. దీవుల్లో దొరికిన వైరస్, మన దగ్గర దొరికినది ఒకే వంశానివని పరీక్షల్లో తేలింది. ఒకప్పుడు ఓడకు నెలలు పట్టిన దారి ఇప్పుడు కొన్ని గంటలే కదండీ.

ఫోన్ చేసిన అమ్మగారి ప్రశ్నకు వస్తాను. మీ అబ్బాయి చదువుతానన్నది ఇదేనమ్మా. ఎవరికి జబ్బు, ఎక్కడ, ఎందుకు అక్కడే అని లెక్క కట్టడం, ఆ లెక్క పట్టుకుని డబ్బిచ్చేవాళ్లతో పోట్లాడటం. డాక్టర్లూ ఉంటారు, గణితం చదివినవాళ్లు, ప్రయోగశాలలో గాజు పలకలు చూసేవాళ్లు, కాగితం పట్టుకుని గుమ్మాలెక్కే ఆరోగ్య ఉద్యోగులూ ఉంటారు. రాస్ డాక్టరే, కానీ మారిషస్‌లో ఆయన చేసిన పనిలో వైద్యం కంటే లెక్కలే ఎక్కువ. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో కూడా ఈ చదువుంది. జీతం సంగతి అడిగారు గనక చెబుతున్నాను, గుండె ఆపరేషన్లు చేసే డాక్టరుతో పోల్చుకోకండి. పోల్చుకుంటే మీకే కష్టం.

ఆ రోజు ఆ ఆరోగ్య ఉద్యోగికి మా మిత్రుడి తల్లిగారు కాఫీ ఇచ్చారు. ఎనభై దాటిన మనిషి, తెలుగు కొద్దికొద్దిగా, మిగతా అంతా క్రియోల్. ఆయన తాగుతూ ఉండగా ఆవిడ, మా అమ్మ రోజుల్లో ఇంటికి ఒకరైనా చలిజ్వరంతో మూలుగుతూ ఉండేవారని చెప్పి, నా వైపు తిరిగి, "వేలు నొప్పిగా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన కప్పు కింద పెట్టి, జేబులోంచి కాగితం తీసి తర్వాతి చిరునామా చూసుకున్నాడు. అది కూడా ఇండియా నుంచి వచ్చిన వాళ్లదే. "ఈసారైనా నిజమైన చిరునామా అయితే బాగుండును" అని మోటారు సైకిలెక్కాడు.