గోడ మీద గ్లామర్: పిరెల్లీ క్యాలెండర్ కథ

1949లో ఫొటోగ్రాఫర్ టామ్ కెల్లీ ముందు ఎర్రటి వెల్వెట్ గుడ్డ మీద నగ్నంగా పోజిచ్చినందుకు మార్లిన్ మన్రోకు ముట్టింది 50 డాలర్లు. ఆ ఫొటోలు క్యాలెండర్లకెక్కి అమెరికా అంతా తిరిగాయి. వాటిలో ఒకటి 1953 డిసెంబరులో 'ప్లేబాయ్' తొలి సంచికనూ నిలబెట్టింది. సొమ్ము చేసుకున్నవాళ్లు వేరు. మెకానిక్ షెడ్లలో వేలాడే ఆ తరహా క్యాలెండర్‌ను కళ అని ఎవరూ అనలేదు.

ఆ మాట అనిపించింది ఇటలీ టైర్ల కంపెనీ పిరెల్లీకి చెందిన బ్రిటన్ శాఖ. 1964 క్యాలెండర్ కోసం బీటిల్స్ ఆల్బమ్ అట్టలకు ఫొటోలు తీసిన రాబర్ట్ ఫ్రీమన్‌ను మయోర్కా దీవికి పంపింది. అందులో టైరు బొమ్మ కోసం వెతుక్కోవాల్సిందే. క్యాలెండర్‌ను అమ్మకానికి పెట్టలేదు. ఎంపిక చేసిన ఖాతాదారులకే కానుకగా పంపారు. దొరకనిదానికే గిరాకీ ఎక్కువ కదా!

అసలు మలుపు 1972. అంతకుముందు మోడల్‌గా పనిచేసిన సారా మూన్, ఆ క్యాలెండర్‌కు ఫొటోలు తీసిన తొలి మహిళ. మసక వెలుగు, ఇసుక చల్లినట్టున్న గ్రెయిన్, పాతకాలపు గదిలో తమ లోకంలో తాముండే అమ్మాయిలు. చూసేవాడి కోసం నవ్వడం అక్కడ కనిపించదు. కెమెరా వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ముందున్న మనిషి ఎంత మారుతుందో ఈ పేజీలు చెప్పినంత స్పష్టంగా మరేవీ చెప్పవు.

చమురు సంక్షోభం దెబ్బకు పిరెల్లీ క్యాలెండర్ 1974 తర్వాత ఆగిపోయి, మళ్లీ 1984లో మొదలైంది. 1987లో టెరెన్స్ డోనొవన్ పూర్తిగా నల్లజాతి మోడళ్లతోనే క్యాలెండర్ చేశాడు. అప్పటికది సాహసమే. కానీ వారిలో నయోమీ క్యాంప్‌బెల్‌కు 16 ఏళ్లే. ఆ వయసు పిల్లను ఇలాంటి గ్లామర్ క్యాలెండర్‌లో చూపడం అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. 2018లో టిమ్ వాకర్ నల్లజాతి కళాకారులతోనే 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' కథను చిత్రించినప్పుడు, అందులో ఆమె మళ్లీ కనిపించింది.

2016లో ఆనీ లీబొవిట్జ్ లెక్కే మార్చేసింది. సెరీనా విలియమ్స్, ప్యాటీ స్మిత్, యోకో ఓనో: అందం కన్నా చేసిన పనికి పేరుపడ్డ మహిళలు. మరుసటి ఏడాది పీటర్ లిండ్‌బర్గ్ రీటచింగ్ వద్దని, నికోల్ కిడ్‌మన్, హెలెన్ మిరెన్ ముఖాల మీది గీతలను నలుపు తెలుపుల్లో ఉన్నవి ఉన్నట్టు ఉంచాడు. ఈ మిరెన్ 2003లో 'క్యాలెండర్ గర్ల్స్' సినిమాలో నటించింది. ఇంగ్లండ్‌లోని ఒక మహిళా సంఘం సభ్యులు, నడివయసు దాటినవాళ్లు, ల్యుకేమియా పరిశోధనకు విరాళాల కోసం నగ్నంగా ఫొటోలు దిగి క్యాలెండర్ వేసిన నిజమైన కథ అది.

మన దేశంలో ఈ బాట పట్టింది 2003లో మొదలైన కింగ్‌ఫిషర్ బీరు కంపెనీ క్యాలెండర్. మద్యం ప్రకటనలకు ఆంక్షలున్నచోట కంపెనీ పేరు జనం నోళ్లలో నానడానికి అదొక దారి. ఫొటోగ్రాఫర్ అతుల్ కస్బేకర్. తొలి ఏడాదే అందులో కనిపించిన కత్రినా కైఫ్‌ను 2004లో 'మల్లీశ్వరి'లో వెంకటేష్ సరసన తెలుగువాళ్లు చూశారు. 2006 క్యాలెండర్‌లో దీపికా పదుకొణె వచ్చింది. కొత్త ముఖాలను వెండితెరకు అందించడంలో కింగ్‌ఫిషర్ గట్టిదే. సముద్రతీరం, ఈతదుస్తులు దాటి చూడటంలో మాత్రం సారా మూన్ 1972లో వేసిన అడుగుకు చాలా వెనకే ఉండిపోయింది.