వానలు లేని నెలల్లో కార్తహేనా

చరిత్ర పుస్తకాలలో రాజులకూ సేనాపతులకూ ఉన్నంత చోటు ఋతువులకు ఉండదు. కొలంబియా దేశపు ఉత్తరపు అంచున, కరేబియన్ సముద్రపుటొడ్డున ఉన్న కార్తహేనా రేవును చూసిన తర్వాత మాత్రం, ఆ ఊరి కథలో పెద్ద భాగం వానలు ఎప్పుడు మొదలయ్యాయన్న దానిమీదనే నడిచిందని నాకు తోచింది. ఇంగ్లీషు చదువుకున్న మనం దానిని కార్టజీనా అంటాము గాని, అక్కడివారి నోట అది కార్తహేనా.

మేము వెళ్ళినది జనవరి చివరి వారంలో. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు అక్కడ వానలుండవు. ఈశాన్యం నుండి వాణిజ్యపవనాలు విడవకుండా వీస్తాయి. ఎండ మన కోస్తాలో మాఘఫాల్గుణాల ఎండ లాగా ఉండి, సాయంకాలానికి గాలి ఒళ్ళు తుడిచినట్లుంటుంది. పంచాంగం ప్రకారం ఉత్తరార్ధగోళానికి అది చలికాలమే. కాని అక్కడి జనం ఆ నెలలను స్పానిష్ భాషలో 'వెరానో' అంటారు, అనగా వేసవి. వానలు కురిసే నెలలేమో వారికి 'ఇన్వియెర్నో', అనగా శీతకాలం. నాలుగు ఋతువుల దేశం నుండి వచ్చినవారు రెండే ఋతువులున్న నేలమీద తమ పాత మాటలను అతికించగా ఏర్పడిన చిక్కు ఇది. తెలుగు పండితుడికి ఇటువంటివి కంటబడితే కోట గోడల కంటే ముందు వాటి దగ్గరే ఆగిపోతాడు, మన్నించాలి.

ఊరి పేరులోనూ అటువంటి తమాషాయే ఉన్నది. ఫినీషియన్ల భాషలో 'కార్త్ హదష్త్' అంటే కొత్త నగరం. ఉత్తరాఫ్రికాలోని కార్థేజి అదే. ఆ కార్థేజివారు స్పెయిన్ తీరంలో నిలుపుకొన్న పట్టణాన్ని రోమన్లు 'కార్తాగో నోవా' అన్నారు, అనగా కొత్త కొత్తనగరం. అదే కాలక్రమాన స్పెయిన్ దేశపు కార్తహేనా అయింది. 1533 జూన్ 1న పెద్రో దె ఎరేదియా అనే స్పానిష్ దొర, కలమారీ అనే ఆదివాసుల పల్లె ఉన్నచోట ఈ రేవును స్థాపించి, ఆ పేరే పెట్టి, గుర్తుకోసం 'ఇండియాల' అని చేర్చాడు. ఒంగోలు దగ్గరి మన కొత్తపట్నం ఎరిగినవారికి ఈ పేరు పరాయిదిగా తోచదు.

పెరూ వెండి పనామా కంఠభూమి దాటి స్పెయిన్‌కు చేరే దారిలో ఇది ముఖ్యమైన మజిలీ. వెండి ఉన్నచోటికి దొంగలు రాక తప్పదు. 1586 ఫిబ్రవరిలో, అనగా సరిగ్గా ఈ పొడి నెలల్లోనే, ఫ్రాన్సిస్ డ్రేక్ వచ్చి ఊరిని పట్టుకుని, రెండు నెలలకు దగ్గరగా కూర్చుని, 1,07,000 డుకాట్ల పరిహారం పుచ్చుకుని వెళ్ళాడు. ఆ దెబ్బతోనే స్పెయిన్ రాజు ఇంజనీర్లను పంపి గోడలు కట్టించడం మొదలుపెట్టాడు. పగడపురాయి, ఇటుక, సున్నం కలిపి కట్టిన ఆ ప్రాకారం పూర్తి కావడానికి రెండు శతాబ్దాలు పట్టింది. నేడు దానిమీద సాయంత్రం గాలికి నడవడం యాత్రికులకు పెద్ద సరదా. ఆ రాళ్ళు మోసినవారిలో అధికులు ఆఫ్రికా బానిసలు.

ఇక 1741. ఆ యేటి కథను కొంత వివరంగా చెప్పాలి.

ఇంగ్లండుకూ స్పెయిన్‌కూ 1739లో యుద్ధం వచ్చింది. ఎడ్వర్డ్ వెర్నన్ అనే ఇంగ్లీషు అడ్మిరల్ ఆ నవంబరులో ఆరు ఓడలతో పోర్తోబెలో రేవును పట్టుకోగా లండన్‌లో సంబరాలు మిన్నుముట్టాయి. తరువాతి గురి కార్తహేనా. సుమారు 180 నావలతో, పాతికవేలు దాటిన మనుషులతో మహా నౌకాదళం సిద్ధమైంది. కోటలో ఉన్నవారు మూడు నాలుగు వేలకు మించరు. లెక్క చూస్తే జయం ఎవరిదో చెప్పడానికి జ్యోతిష్యం అక్కరలేదు.

కాని లెక్కలోకి రానిది కాలం. ఇంగ్లండు నుండి సైన్యం బయలుదేరడమే 1740 శరదృతువు ముగిసే వేళకు. భూసేనాధిపతి లార్డ్ కాత్‌కార్ట్ దారిలోనే డిసెంబరులో రక్తవిరేచనాలతో మరణించాడు. ఆయన స్థానంలోకి వచ్చిన జనరల్ వెంట్‌వర్త్‌కు ఇంత పెద్ద పని అనుభవంలో లేదు. జనవరిలో జమైకా చేరారు. అక్కడి నుండి నేరుగా రాక, ఫ్రెంచి నౌకాదళం ఎక్కడుందోనని వెదుకుతూ హిస్పానియోలా తీరాన తిరిగి, ఫ్రెంచివారు అప్పటికే వెళ్ళిపోయారని తెలుసుకునేసరికి ఫిబ్రవరి గడిచిపోయింది. మేము హాయిగా తిరిగిన ఆ మంచి నెలలను వారు సముద్రం మీద వృథా చేసుకున్నారు. మార్చి 13న గాని కార్తహేనా ముందు వారి తెరచాపలు కనబడలేదు. ఇది స్పానిష్ తేదీ. ఇంగ్లీషువారి కాలెండరు 1752 దాకా పదకొండు రోజులు వెనుకబడి ఉండేది. అందుచేత ఒకే యుద్ధానికి రెండు పుస్తకాలలో రెండు తేదీలు కనిపిస్తాయి. మన రెండు పంచాంగాల పండుగ తగవు ఎరిగినవారికి ఇది వింత కాదు.

హార్బరులోకి రెండు దారులు. ఒకటి బోకాగ్రాందే, పెద్ద నోరు. రెండవది బోకాచీకా, చిన్న నోరు. నది సముద్రంలో కలిసేచోటును మనవారు మొగ అన్నట్లే. పెద్ద నోరు అప్పటికి ఇసుకమేటతో పూడిపోయింది. చిన్న నోటి దగ్గర సాన్ లూయీస్ అనే కోట అడ్డు నిలిచింది. దానిని రక్షించినవాడు బ్లాస్ దె లెసో. 1704లో ఒక యుద్ధంలో ఎడమ కాలు, 1707లో ఒక కన్ను, 1714లో ఒక చేయి వాడుక పోగొట్టుకున్న నావికుడు. ఆ కోట రెండు వారాలకు పైగా ఇంగ్లీషువారిని ఆపి, ఏప్రిల్ మొదటి వారంలో పడిపోయింది. వెర్నన్ వెంటనే విజయవార్త పంపాడు. లండన్‌లో పతకాలు పోతపోశారు. లెసో మోకరిల్లి వెర్నన్‌కు ఖడ్గం అప్పగిస్తున్నట్లు వాటిమీద బొమ్మ. జరగని లొంగుబాటుకు లోహంలో సాక్ష్యం! అటువంటి పతకాలు నేటికీ మ్యూజియాలలో ఉన్నాయి.

ఏప్రిల్ 20 తెల్లవారుజామున సాన్ ఫెలిపే దుర్గం మీద దాడి జరిగింది. ఎక్కవలసిన గోడకు నిచ్చెనలు పొట్టివయ్యాయని చెబుతారు. తెల్లవారేసరికి వందల మంది పడిపోయారు. అయితే ఇంగ్లీషువారిని నిజంగా కూల్చినది ఆ ఒక్క ఉదయం కాదు. వానలు దిగాయి, వానలతో పచ్చజ్వరం విజృంభించింది. ఓడలలో శవాలు పేరుకున్నాయి. వాటిని సముద్రంలో పడవేసేవారు. ఆ ఓడలలో ఒకదానిపై వైద్యసహాయకుడుగా ఉన్న స్మాలెట్ అనే యువకుడు తరువాత నవలాకారుడై, 1748లో వెలువరించిన 'రోడరిక్ రాండమ్'లో ఈ దుర్దశను రాశాడు. మే నెలలో దళం వెనుదిరిగింది. అమెరికా వలసల నుండి వచ్చిన మూడున్నర వేలమందిలో ఇల్లు చేరినవారు కొద్దిమందే. వారిలో లారెన్స్ వాషింగ్టన్ ఒకడు. తన ఎస్టేటుకు అడ్మిరల్ పేరిట మౌంట్ వెర్నన్ అని పెట్టుకున్నాడు. అది పిమ్మట ఆయన సవతి తమ్ముడు జార్జి వాషింగ్టన్‌కు దక్కింది. ఓడిపోయిన సేనాని పేరు అంత ప్రసిద్ధమైన ఇంటికి నిలవడం చిత్రమే. గెలిచిన లెసో ఆ సెప్టెంబరులోనే మరణించాడు. సమాధి ఎక్కడో నేటికీ రూఢి కాలేదు. కోట పాదం దగ్గర కొయ్యకాలితో, కత్తి ఎత్తి నిలిచిన ఆయన విగ్రహం మాత్రం ఉన్నది. ఆ యుద్ధంలో చనిపోయిన ఇంగ్లీషువారి స్మృత్యర్థం 2014లో యువరాజు ఛార్లెస్ చేత ఒక ఫలకాన్ని ఆవిష్కరింపజేస్తే, ఊరివారు ఆగ్రహించారు. కొద్ది రోజులకే దానిని తొలగించవలసి వచ్చింది. 273 ఏళ్ళ నాటి ముట్టడికి ఇంత వేడి!

జ్వరం ఎందుకు ఒక పక్షాన్నే కోసింది? పచ్చజ్వరం ఒకసారి వచ్చి బతికినవారికి మళ్ళీ రాదు. రేవులో పుట్టి పెరిగినవారిలో చాలామందికి అది చిన్ననాడే వచ్చి పోయి ఉంటుంది. కొత్తగా దిగిన వేలమందికి ఆ రక్షణ లేదు. దానిని మోసేది దోమ అని నాడు ఎవరికీ తెలియదు. 1881లో హవానాలో కార్లోస్ ఫిన్లే అనే వైద్యుడు ఆ మాట అన్నప్పుడు ఎవరూ చెవినిడలేదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమ రోగాన్ని మోయగలదన్న ఊహకు దానితో గట్టి బలం వచ్చింది. 1900లో వాల్టర్ రీడ్ బృందం ఫిన్లే మాటను ప్రయోగపూర్వకంగా నిరూపించింది. బేగంపేటలోని ఆ పాత భవనం పక్కగా వెళ్ళినప్పుడల్లా ఇకపై నాకు ఈ రేవు కూడా గుర్తుకు వస్తుంది.

ఆ దోమ అమెరికా ఖండాలది కాదు. నిలవ నీటిలో గుడ్లు పెట్టే ఆ జాతి ఆఫ్రికా నుండి బానిస ఓడల నీటి పీపాలలో వచ్చిందని పరిశోధకులు తేల్చారు. రోగమూ ఆ ఓడలలోనే వచ్చింది. కార్తహేనాలో నది లేదు. వాననీటిని తొట్లలో, జాడీలలో దాచుకునే ఊరు. దోమకు అంతకంటే ఏం కావాలి? స్పెయిన్ సామ్రాజ్యంలో బానిసల దిగుమతికి అనుమతి పొందిన అతి ముఖ్యమైన రేవు ఇదే. ఏ ఓడలు ఊరికి ఆ పాపాన్ని తెచ్చాయో, ఆ ఓడలలోని దోమే ఊరికి కోటగోడ అయింది.

గడియార స్తంభం కింది ద్వారం దాటగానే వచ్చే చౌకులో మనుషులను అమ్మేవారు. ఇప్పుడు అక్కడ మిఠాయి దుకాణాల వరండా ఉన్నది. చింతపండు ఉండలు అమ్ముతారు. స్పానిష్‌లో దాని పేరు 'తమరిందో', అరబ్బీలో 'హిందూదేశపు ఖర్జూరం' అన్న మాటకు వికృతి.

కొద్ది దూరంలో సాన్ పెద్రో క్లావెర్ గుడి. 1610లో వచ్చి 1654లో మరణించే దాకా బానిస ఓడలలోకి దిగి, రోగులకు సేవచేసి, జ్ఞానస్నానం ఇచ్చిన జెసూట్ ఫాదరీ ఆయన. 1888లో పోపు ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. ఆయన గొప్పతనాన్ని నేను తక్కువ చేయను. కాని నా మనసు ఆగినది ఆయన వెనుక నిలిచిన దుబాసీల దగ్గర. ఓడలో దిగినవారికి పదుల భాషలు. క్లావెర్‌కు అవన్నీ రావు. జెసూట్ కళాశాల అందుకోసం పలు భాషలు వచ్చిన ఆఫ్రికన్లను కొని ఉంచుకున్నది. వారూ బానిసలే! ఒకడికి పన్నెండు భాషలు వచ్చునట, అతనిని 'కలెపినో' అని పిలిచేవారు. కలెపినో అనే ఇటాలియన్ సన్యాసి 1502లో అచ్చువేసిన లాటిన్ నిఘంటువు తరువాతి ముద్రణలలో బహుభాషా నిఘంటువై యూరప్ అంతా ప్రసిద్ధి కెక్కింది. నడిచే నిఘంటువు అని మనం పొగడ్తగా అంటాము. ఇక్కడ నిఘంటువుకు నిజంగానే ధర కట్టి కొన్నారు. ఆంద్రేస్ సకాబూచే అనే అంగోలా దుబాసీ తరువాత క్లావెర్ పునీతత్వ విచారణలో సాక్ష్యం చెప్పాడు. ఆ దుబాసీల పేర్లు మిగిలినవి ఆ దస్తావేజుల వల్లనే.

పారిపోయినవారూ ఉన్నారు. బెంకోస్ బియోహో నాయకత్వంలో అడవులలో కంచెలు నాటుకుని ఊళ్ళు కట్టారు. కంచెకు స్పానిష్ మాట 'పలెంకే', అదే ఊళ్ళ పేరయింది. ప్రభుత్వం ఆయనతో సంధి చేసుకుని, ఆపై పట్టుకుని 1621లో ఉరితీసింది. ఊళ్ళు మాత్రం చావలేదు. కార్తహేనాకు సుమారు 50 కిలోమీటర్లలో సాన్ బసీలియో దె పలెంకే నేటికీ ఉన్నది. అమెరికా ఖండాలలో మొదటి స్వేచ్ఛా నల్లవారి గ్రామమని గైడ్లు చెబుతారు. మెక్సికోలో యాంగా ప్రజలకు 1618 నాటికే అటువంటి ఊరు దక్కింది కనుక ఆ 'మొదటి' అన్న బిరుదు నాకు సమ్మతం కాదు. దాని గొప్పతనం వేరు. అక్కడ ఒక భాష బతికి ఉన్నది. మాటలు చాలావరకు స్పానిష్, వ్యాకరణంలో కొంత కాంగో నదీప్రాంతపు కికోంగో. 'ఓంబే' అంటే మనిషి, 'మ ఓంబే' అంటే మనుషులు. బహువచన ప్రత్యయం ముందుకు వస్తుంది.

ఇరవయ్యో శతాబ్దంలో పట్నానికి కూలికి వెళ్ళినవారిని, దీనిని చెడిపోయిన స్పానిష్ అని జనం వెక్కిరించారు. తల్లిదండ్రులు పిల్లలతో ఆ భాషలో మాట్లాడటం తగ్గించారు. 1970లో బికెర్టన్, ఎస్కలాంతే అనే పండితులు అది స్వతంత్రమైన భాష అని లోకానికి చూపారు. ఊరివారే పూనుకుని బడిలో దానిని ప్రవేశపెట్టారు. 1991 రాజ్యాంగం ఇటువంటి భాషలకు గుర్తింపు ఇచ్చింది. 2005లో యునెస్కో ఆ ఊరి సంస్కృతిని మానవజాతి మౌఖిక వారసత్వంలో చేర్చింది. మాతృభాషలో మాట్లాడినందుకు బడిలో జరిమానా కట్టిన పిల్లలను మన ఊళ్ళలోనూ చూసినవాడిని కనుక ఈ వరుస నాకు కొత్త కాదు.

ఒక ఉదయం ఆ ఊరికి వెళ్ళాము. చౌకులో సంకెళ్ళు తెంచుకుంటున్న బెంకోస్ విగ్రహం. పక్కన ఒక ముసలావిడ 'అలెగ్రియా' అనే ఉండలు అమ్ముతున్నది. చిరుధాన్యపు పేలాలు, బెల్లం, కొబ్బరి, సోపువంటి దినుసు. నోట వేసుకుంటే అచ్చం మన పేలాల ఉండే. బడిలో భాష చెప్పే టీచరమ్మ, మా గైడు సాయంతో, నా చేత ఐదారు మాటలకు 'మ' చేర్పించింది. ఆపై మీ భాషలో ఎలా అని అడిగింది. 'లు' వెనుక వస్తుందని చెప్పి, పిల్ల, పిల్లలు అన్నాను. ఆమె ఒకటికి రెండుసార్లు పలికి చూసి, గైడు వైపు తిరిగి ఏదో అన్నది. అతడు నవ్వి నాకు చెప్పాడు. "పిల్లలెంతమందో తెలియాలంటే మాట చివరిదాకా ఆగాలా అంటోంది."