పరిచయాలు ఇప్పించిన పంతులు ఉద్యోగం

మన ఐటీ వాళ్ళకి రిఫరల్ గురించి కొత్తగా చెప్పేదేముంది? జాబ్ పోర్టల్‌లో పడేసిన రెజ్యూమె ఏ గంగలో కలుస్తుందో తెలీదు. అదే పాత టీంలో పరిచయమున్న ఎవరో ఒక మెయిల్ పంపితే వారంలో ఇంటర్వ్యూ. దీన్ని "పైరవీ" అని తీసిపారేసేవాళ్ళున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు లఫ్కాడియో హర్న్ గుర్తొస్తాడు.

ఈయన 1850లో గ్రీసులో ఒక దీవిలో పుట్టాడు. తండ్రి ఐర్లండు వాడు, తల్లి గ్రీకు. పెరిగింది డబ్లిన్‌లో. ఒక కన్ను పోయింది, డిగ్రీ లేదు. అమెరికా వెళ్ళి పత్రికల్లో రాసుకుంటూ బతికాడు. 1890 ఏప్రిల్‌లో హార్పర్స్ పత్రిక తరఫున వ్యాసాలు రాద్దామని జపాన్‌లో దిగాడు. తీరా చూస్తే, తన వ్యాసాలకి బొమ్మలు వేసే ఆయనకి తనకంటే ఎక్కువ ఇస్తున్నారని తెలిసింది. తెగతెంపులు చేసుకున్నాడు. అంటే ఆన్‌సైట్‌లో దిగిన కొద్దిరోజులకే బెంచ్, అదీ జీతం లేని బెంచ్!

ఇక్కడే పరిచయాలు పనిచేశాయి. 1884-85లో న్యూ ఆర్లీన్స్‌లో పెద్ద ఎగ్జిబిషన్ జరిగింది. అందులో జపాన్ విభాగం చూసుకున్న హత్తోరి ఇచిజోతో హర్న్ విలేఖరిగా మాట్లాడాడు. అయిదేళ్ళ తర్వాత ఆ హత్తోరి టోక్యోలో విద్యాశాఖ అధికారి. ఇంకోవైపు బాసిల్ హాల్ ఛాంబర్లేన్ అనే ఇంగ్లిష్ ప్రొఫెసర్, టోక్యో యూనివర్సిటీలో జపనీస్ చెప్పేవాడు. హర్న్ ఆయనకి ఉత్తరాలు రాశాడు. న్యూ ఆర్లీన్స్ పత్రికలో తోటి ఉద్యోగి ఎలిజబెత్ బిస్లాండ్ పరిచయం చేయగా, యోకొహామాలో ఉన్న అమెరికన్ నేవీ అధికారి మిచెల్ మెక్డొనాల్డ్ కూడా ఆప్తుడయ్యాడు. ఆగస్టు చివరికల్లా మత్సుయె ఊళ్ళో ఇంగ్లిష్ మాస్టారు ఉద్యోగం, నెలకి 100 యెన్లు.

గమనించారా, వీళ్ళలో ఎవరూ చుట్టం కాదు. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే సోషియాలజిస్టు సరిగ్గా ఇదే చెప్పాడు: ఉద్యోగం కబురు ప్రాణస్నేహితుల కంటే ఎప్పుడో ఓసారి కలిసే పరిచయస్తుల దగ్గర్నుంచే ఎక్కువగా వస్తుందని. దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది కదా. హత్తోరితో మాట్లాడేటప్పుడు హర్న్‌కి జపాన్‌లో పాఠాలు చెప్పాలన్న ఆలోచనే లేదు. ఇందులో పైరవీ ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

మత్సుయెలో సాటి మాస్టారు నిషిదా సెంతారో అన్నిట్లోనూ అండగా నిలిచాడు. కొయిజుమి సెత్సుతో పెళ్ళి కుదరడంలోనూ ఆయన చెయ్యి ఉందంటారు. 1891లో కుమమోతోకి మారాడు, జీతం రెట్టింపు. అక్కడి ప్రిన్సిపాల్ ఎవరనుకున్నారు? జూడో కనిపెట్టిన కానో జిగోరో! 1896లో హర్న్ జపాన్ పౌరుడై కొయిజుమి యాకుమో అయ్యాడు. అదే ఏడు టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చేరాడు. దీని వెనకా ఛాంబర్లేన్ మాట ఉంది. పిలిచింది డీన్ తొయామా మసకజు, జీతం నెలకి 400 యెన్లు. పౌరుడైపోయినా విదేశీ జీతమే ఇప్పించింది ఆ తొయామానే.

చిక్కు కూడా అక్కడే వచ్చింది. 1900లో తొయామా చనిపోయాడు. మనల్ని తెచ్చుకున్న మేనేజర్ వెళ్ళిపోతే మన పరిస్థితి ఏంటో వేరే చెప్పాలా? 1903లో యూనివర్సిటీ కాంట్రాక్టు పొడిగించలేదు. విద్యార్థులు గొడవ చేశారు, లాభం లేకపోయింది. ఖరీదైన విదేశీ మాస్టార్ల స్థానంలో బయట చదివొచ్చిన సొంతవాళ్ళని పెట్టుకోవడం అప్పటి ప్రభుత్వ పద్ధతి. జపాన్ వాడైపోయినా హర్న్ మాత్రం ఖరీదైన విదేశీ లెక్కలోనే పోయాడు. ఆయన పాఠాలు పంచుకున్నవాళ్ళలో ఒకడు లండన్ నుంచి అప్పుడే తిరిగొచ్చిన నత్సుమె సోసెకి, తర్వాత్తర్వాత జపాన్‌లో అంత పెద్ద నవలాకారుడైనవాడు.

1904లో వసెదా యూనివర్సిటీ హర్న్‌ని పిలిచింది. ఆ సెప్టెంబరు 26న, 54 ఏళ్ళకి, గుండె ఆగి పోయాడు. ఆయన పుస్తకాల హక్కుల వ్యవహారం చూసుకున్నది యోకొహామాలో పరిచయమైన మెక్డొనాల్డే.