లక్కకెక్కిన చెట్ల రంగులు

అరకు చూసి విశాఖకు దిగినవాళ్ళు లేపాక్షి దుకాణంలో ఓ కుంకుమ భరిణో, ఓ బొంగరమో కొనుక్కోవడం మామూలే. వాటి మీద ఆ రంగు కుదరడానికి పడిన పాట్లు మాత్రం చాలామందికి తెలియవు.

అవి తయారయ్యే ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది. కర్ర కొండలది. తూర్పు కనుమల్లో పెరిగే అంకుడు తెల్లగా, మెత్తగా, ఉలికి ఇట్టే లొంగుతుంది. రంగు వేయడానికి ఇక్కడ కుంచె పనే లేదు. లేత్ మీద గిర్రున తిరిగే కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకు అదిమి పడితే అద్దంలా నిగనిగలాడుతుంది.

ఈ విద్య పాతదే. గత శతాబ్దంలో రసాయన రంగులు చౌకగా దొరికేసరికి చెట్ల రంగులు మూలబడ్డాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకా ఆ రంగులు! రసాయన రంగుల్లో విషపు సీసం ఉండొచ్చు. అందుకే అమెరికా 1978లోనే పిల్లల బొమ్మల రంగుల్లో సీసానికి హద్దు పెట్టింది. 2009లో దాన్ని పది లక్షల్లో 90 వంతులకు తగ్గించింది.

ఏటికొప్పాకకే చెందిన సి.వి. రాజు అక్కడి కళాకారులను కూడగట్టి చెట్ల రంగులను తిరిగి తేవడానికి పూనుకున్నారు. చిక్కంతా నీటితోనే. వేరో, ఆకో, గింజో మరిగిస్తే రంగు నీళ్ళలోకి దిగుతుంది. లక్కేమో నీటితో కలవదు. అందుకే ముందు నీటిని వదిలించాలి. తర్వాత ఆ రంగును నిప్పుల సెగకు మెత్తబడిన లక్కలో వేసి సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీసి, చారల్లేకుండా కలపాలి. సెగ ఎక్కువైతే రంగు పాడవుతుంది. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజ దారికొచ్చాయి. పసుపులో నీలి కలిస్తే ఆకుపచ్చ. నా దృష్టిలో రంగును లక్కకు ఎక్కించిన ఈ ఓపికే అసలు ఆవిష్కరణ.

2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం మీద కొలువుదీరినవీ ఈ బొమ్మలే.

గౌరవాలు సరే, కర్ర దొరకడమే కష్టమవుతోంది. అంకుడును నరికినా మోడు మళ్ళీ చిగురిస్తుంది, వేళ్ళతో పెకలించకపోతే చాలు. అరకు, పాడేరు కొండల్లో గిరిజన రైతుల పొలం గట్ల మీద అటవీశాఖ అంకుడు మొక్కలు నాటించాలి. కోసిన కర్రకు ఆ రైతులకే మంచి ధర అందేలా చూడాలి.