కూలి ఆగిన తరువాత వచ్చినవారు



సంఘములో బియ్యము పంచే ఆదివారం కూర్చోవడానికి చోటుండదు. మరుసటి ఆదివారం? రొట్టెలు తిని తృప్తిపొందినందుకే నన్ను వెదకుచున్నారని ప్రభువు జనులతో సూటిగానే అన్నారు (యోహాను 6:26). అయినా ముందురోజు ఆ రొట్టెలు పెట్టింది ఆయనే గదా!

1876–78 గొప్ప కరవులో ఒంగోలు మిషనెరీ జాన్ ఇ. క్లౌ దొరగారికి ఇదే చిక్కు వచ్చింది. సర్వే పని తెలిసినవాడు గనుక బకింగ్‌హాం కాలువలో సుమారు 3½ మైళ్ళ త్రవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి పని, కూలి దొరికాయి. బోధకులే మేస్త్రీలు; పని ఆపి నీడను కూర్చున్నప్పుడు వారు క్రీస్తును గూర్చి చెప్పేవారు. కూలీలు బాప్తిస్మము అడిగారు. దొరగారు ఇవ్వలేదు! ఏడాదికి పైగా ఒక్కరికి కూడా ఇవ్వలేదు. నాకైతే అంత ఓపిక ఉండేది కాదు.

1878లో సహాయం ఆగిపోయింది. ఇక ఇచ్చేందుకు డబ్బు లేదని చెప్పినా జనులు వచ్చారు. జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్యను మనం సభలలో గొప్పగా చెప్పుకుంటాము. అంతకుముందు కాదన్న నెలలను చెప్పుకోము.

ఒక తుఫాను తరువాత మా సంఘములో బియ్యపు చీటీ మీద 'ఆరాధనకు వచ్చారా?' అని ఒక గడి ఉండేది. అది గీసింది నేనే. తరువాత కొట్టివేశాను. ఆ వారం ఆరాధనకు కొందరు తగ్గారు. వారి ఇళ్ళకు కూడా బియ్యము పంపించాము.