మౌంటు పట్టిక పూర్వోత్తరములు

న్యూజెర్సీ రాష్ట్రమందలి బెల్ లాబొరేటరీలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు 1969వ సంవత్సరమున ఆరంభించిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమునందు, కంప్యూటరునకు తగిలించిన ప్రతి డిస్కును వేరొక పేరుతో పిలువక, అన్నింటిని ఒకే డైరెక్టరీ వృక్షమునకు శాఖలుగా కూర్చు పద్ధతి తొలినాళ్లనుండియే కలదు. ఒక డిస్కులోని ఫైల్ సిస్టమును ఆ వృక్షమునందలి ఒకానొక డైరెక్టరీపై నెలకొల్పుటకే మౌంటు చేయుట యని పేరు. 1971 నవంబరు నాటి మొదటి మాన్యువలులోనే మౌంట్ కమాండు కానవచ్చును. ఆనాటి డిస్కులలో కొన్ని యంత్రమునుండి వెలికితీసి మరల అమర్చదగినవి గనుక, ఏ డిస్కు ఏ డైరెక్టరీపై నున్నదో తెలిసికొనవలసిన అగత్యము అప్పుడే ఏర్పడెను.

ఈ సంగతి ఆపరేటింగ్ సిస్టమునకు నడుగుండెయైన కెర్నలునకు తెలియకపోలేదు. 1975లో వెలువడిన యూనిక్స్ ఆరవ ఎడిషను కెర్నలులో మౌంటుల కొరకు ఒక పట్టిక యుండెను. దానిలో అయిదింటికి మాత్రమే చోటు. అయితే ఆ పట్టికను చూపుమని అడుగుటకు ఉపాయ మేదియు లేకపోవుటచేత, మౌంట్ కమాండే తాను చేసిన పనిని ఎమ్‌ట్యాబ్ అను ఫైలులో వేరుగా వ్రాసి యుంచెడిది. 1979 నాటి ఏడవ ఎడిషను ప్రకారము ఒక్కొక్క నమోదు 64 బైట్లు: మొదటి 32 మౌంటు చేసిన స్థలము పేరు, తక్కిన 32 పరికరము పేరు. ఆ ఫైలు మనుష్యులు చూచుకొనుటకు మాత్రమేయనియు, అందు ఒకే నమోదు రెండుమారులున్నను కమాండునకు పట్టింపు లేదనియు మాన్యువలే స్పష్టముగా చెప్పినది. ఆ నిష్కపటమైన వాక్యమును నేను మిక్కిలి గౌరవింతును. ఏలయన, కరణముగారి అడంగలులోని పైరునకును చేనిలోని పైరునకును గల దూరమువంటి దూరమును ఆ రచయితలు కప్పిపుచ్చలేదు. యంత్రము హఠాత్తుగా ఆగిపోయినచో, లేని మౌంటులు ఆ ఫైలులో నిలిచియుండగలవు. కమాండును వాడక సిస్టమ్ కాల్ ద్వారా కెర్నలునే నేరుగా అడిగి చేసిన మౌంటులు దాని కెక్కకయే పోవును.

ఈ దూరమును తొలగించుటకు బర్కిలీ విశ్వవిద్యాలయమువారు పూనుకొనిరి. 1993 నాటి 4.4 బీఎస్‌డీలో కెర్నలునే అడిగి సమస్త మౌంటుల వివరములను ఒక్క పిలుపుతో రాబట్టు గెట్‌ఎఫ్ఎస్‌స్టాట్ అను సిస్టమ్ కాల్ కలదు. అందొక విశేషమున్నది. నెట్‌వర్కు ద్వారా ఫైళ్లను పంచుకొను ఎన్ఎఫ్ఎస్ వ్యాప్తిలోనికి వచ్చినపిదప, దూరమున నెక్కడనో యున్న సర్వరు పలుకనిచో, డిస్కులలో ఖాళీస్థల మెంత యని అడిగిన కమాండు నిలిచినచోటనే నిలిచిపోయెడిది. అందుచేత, ప్రతి ఫైల్ సిస్టమును విచారించి తాజా లెక్క తెమ్మనుటయా, వేచియుండక కెర్నలు చేతనున్న పాత లెక్కనే ఇమ్మనుటయా యను ఎంపికను వారు అడుగువానికే విడిచిరి. నా దృష్టిలో ఈ చరిత్రయందు మొట్టమొదటి వివేకవంతమైన పొదుపు ఇదియే.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ప్రారంభించిన లైనక్స్ మాత్రము చిరకాలము ఎమ్‌ట్యాబునే అనుసరించెను. కెర్నలు తన పట్టికను ప్రాక్ డైరెక్టరీలో మౌంట్స్ అను ఫైలుగా చూపజొచ్చిన తరువాతను రెండును పక్కపక్కనే సాగినవి. మూల ఫైల్ సిస్టము చదువుటకు మాత్రమే అనుమతించు స్థితిలో నున్నప్పుడు ఎమ్‌ట్యాబులో వ్రాయుటయే అసాధ్యమయ్యెడిది. 2002లో అల్ వీరో కృషివలన మౌంట్ నేమ్‌స్పేసులు వచ్చినవి. బెల్ లాబొరేటరీలలోనే పుట్టిన ప్లాన్ 9 అను ఆపరేటింగ్ సిస్టములో అంతకుముందే రూపుదిద్దుకొనిన ఈ భావము ననుసరించి, ఒకే యంత్రములోని రెండు ప్రాసెసులకు రెండు వేరు వృక్షములు గోచరింపవచ్చును. ఇక యంత్రమంతటికి ఒకే పట్టిక యనుట అర్థరహితమైనది. తుదకు ఎమ్‌ట్యాబు ప్రాక్‌లోని ఫైలునకు లంకెగా మిగిలెను.

2008లో, లైనక్స్ 2.6.26తో, మౌంటిన్‌ఫో అను ఫైలు వచ్చినది. ప్రతి మౌంటునకు ఒక సంఖ్య, దాని మాతృమౌంటు సంఖ్య, పరికరము, మౌంటు స్థలము మొదలగునవి ఒక్కొక్క పంక్తిలో నుండును. పేరులో ఖాళీ యున్నచో, పంక్తి చెదరకుండుటకు అది వెనుకగీతతో కూడిన 040 అను అష్టాంశ సంఖ్యగా మారును. మనుష్యుడు చదువుటకు ఇది చక్కనిదే. కాని ప్రోగ్రాములను వేరువేరు నేమ్‌స్పేసులలో నడుపు కంటైనర్ల యుగమున మౌంటులు వేలకు పెరిగినవి. 2016లో వచ్చిన లైనక్స్ 4.9 ఒక నేమ్‌స్పేసునకు 1,00,000 అని డిఫాల్టు పరిమితి విధించిన దన్నచో ఆ విస్తారము ఊహింపవచ్చును. ఒక్క మౌంటు సంగతి కావలసినను కెర్నలు పట్టికనంతను అక్షరములుగా వ్రాసి ఇచ్చును, అడిగినవాడు దానిని మరల విడదీసికొనును. మార్పు జరిగినదని పోల్ అను సిస్టమ్ కాల్ ద్వారా తెలియునే కాని ఏది మారినదో తెలియదు. మౌంటులను కనిపెట్టియుండు సిస్టమ్‌డీ వంటి ప్రోగ్రాము ప్రతి మార్పునకును మొదటినుండి చదువవలసినదే. ఏమియు లేని స్థితినుండి 1,000 మౌంటులు ఒకదానివెంట నొకటి చేయుచు, ప్రతిమారును పట్టికను చదివినచో, చదువబడు పంక్తులు మొత్తము 5,00,500. ఈ వ్యయము కంటికి కనబడనిదగుటచేత చాలకాలము ఉపేక్షింపబడినదని నా నమ్మకము.

దీనికి ప్రతిక్రియగా డేవిడ్ హోవెల్స్ ప్రతిపాదించిన ఎఫ్ఎస్‌ఇన్ఫో అను సిస్టమ్ కాల్ పెక్కు చర్చలకు గురియై, కెర్నలులో చోటు పొందలేదు. ఆ పరిశ్రమ వ్యర్థమైనదని మాత్రము నేనన జాలను. సమస్యను అందఱి యెదుట నిలిపినది అదియే. 2024 మార్చిలో వెలువడిన లైనక్స్ 6.8లో మిక్లోష్ సెరెడి రచించిన లిస్ట్‌మౌంట్, స్టాట్‌మౌంట్ అను రెండు సిస్టమ్ కాల్స్ చేరినవి. మొదటిది ఒక మౌంటు క్రింద నున్నవాని సంఖ్యలను మాత్రమే ఇచ్చును; రెండవదానికి ఒక సంఖ్య నిచ్చి, ఏయే వివరములు కావలయునో ముందుగా తెలిపినచో, అది వానినే తెచ్చి ఇచ్చును. మౌంటిన్‌ఫోలోని పూర్వపు సంఖ్య, మౌంటు తొలగినపిదప మరియొకదానికి సంక్రమించుటచేత, పొరపాటునకు తావిచ్చెడిది; క్రొత్తది 64 బిట్లది, యంత్రము నడచుచున్నంతకాలము మరల వాడబడదు. ఏ మౌంటు చేరినదో, ఏది తొలగినదో ఆ సంఖ్యతోనే తెలియజేయు ఏర్పాటు 2025లో, ఫైల్ సిస్టములోని మార్పులను తెలుపు ఫానోటిఫై యందు చేరినది. ఫైండ్‌మౌంట్ కమాండునకు ఆధారమైన లిబ్‌మౌంట్ లైబ్రరీ అదే సంవత్సరమున ఈ రెండు పిలుపులను స్వీకరించినది.